గోలకొండ వీధి నుంచి చటాన్‌పల్లి వంతెన దాకా

సెల్‌ఫోను వచ్చి జనాన్ని చెడగొట్టిందన్న మాట ఈ మధ్య విద్యావంతుల గోష్ఠుల్లో తరచు వినిపిస్తోంది. ఎక్కడో తీసిన అరనిమిషం వీడియో సాయంత్రానికల్లా లక్షల చేతులు మారుతుంది. రాత్రికి టీవీ చర్చల్లో తీర్పు వెలువడుతుంది. తెల్లవారేసరికి ఎవడో ఒకడి నుదుట ద్రోహి అనో, హంతకుడు అనో, పిల్లలనెత్తుకుపోయేవాడు అనో ముద్ర పడి ఉంటుంది. ఇదంతా యంత్రం చేసిన పాపమేనని మనం సరిపెట్టుకుంటున్నాం. యంత్రం వేగాన్ని పెంచిందన్నది నిర్వివాదమే. కాని విచారణకు ముందే తీర్పు చెప్పే అలవాటు యంత్రంతో పుట్టింది కాదు. అది మన చరిత్రలో ఏనాటి నుంచి ఉన్నదో, దానివల్ల ఏ కాలంలో ఎవరు బాగుపడ్డారో, ఎవరు బలయ్యారో పరిశీలిస్తే తప్ప ఈ రోగానికి మూలం దొరకదు.

ఆ పరిశీలనను నేను మా నేలకొండపల్లి నుంచే మొదలుపెడతాను. ఖమ్మం జిల్లాలోని ఈ ఊళ్లో ఒక పెద్ద దిబ్బ ఉంది. తరతరాలుగా జనం దాన్ని విరాటరాజు గద్దె అన్నారు. పాండవులు అజ్ఞాతవాసం చేసింది ఇక్కడేనన్నారు, కీచకుణ్ణి చంపిన చోటు ఫలానా అని చూపించారు. పురావస్తు శాఖవారు తవ్వి చూస్తే అది క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి బౌద్ధస్తూపమని తేలింది. జనం అబద్ధమాడారని నేననను. కంటికి కనిపించిన మట్టికి తమకు తెలిసిన కథను తగిలించారు, అంతే. కనిపించేదానికీ జరిగినదానికీ మధ్యనున్న దూరాన్ని గడ్డపారా, ఓపికా కలిసి తగ్గించాయి. నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలన్నది ఇటువంటి సందర్భాలు చూసే కాబోలు.

ఈ ఊరికి పేరు తెచ్చిన రెండో విషయం కంచర్ల గోపన్న పుట్టుక. 17వ శతాబ్దంలో, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో, ఈయన పాల్వంచ పరగణా తహశీలుదారు. సర్కారు సొమ్మును భద్రాచలం గుడికి ఖర్చుపెట్టాడన్న అభియోగం మీద గోలకొండలో ఖైదయ్యాడు. లోకానికి ఆయన భక్త రామదాసు. 1964లో నాగయ్య తీసిన సినిమా గాని, 2006లో వచ్చిన సినిమా గాని ఆయన భక్తినే చూపించాయి. సాహిత్యం బోధించే నాకు మాత్రం ఆ కీర్తనల్లో మరొకటి ముఖ్యంగా కనిపిస్తుంది. ‘ఇక్ష్వాకు కులతిలక’ అనే కీర్తనను భక్తులు మొర అంటారు, నేను ముద్దాయి వాంగ్మూలం అంటాను. ఎవరికి ఏ నగ చేయించాడో, ఒక్కొక్కదానికి ఎన్నివేల మొహరీలు పట్టాయో వరసగా లెక్క చెబుతాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని కూడా ఒప్పుకుంటాడు. ఖర్చుపెట్టలేదని ఎక్కడా బుకాయించడు.

ముద్దాయి మాట మనకు దక్కింది గనుకనే మూడు శతాబ్దాలు దాటినా ఆ కేసును మనం తిరగదోడగలుగుతున్నాం. అసలా సొమ్ము ఎవరిది? రైతు చెమటది. అది ఖజానాకు చేరినా, గోపురానికి చేరినా రైతును అడిగినవాడు లేడు. భక్తుడూ సుల్తానూ ఇద్దరూ మరచిన ఈ ప్రశ్నను ఇవాళ మనం వేయగలుగుతున్నామంటే, లెక్క మన ముందుండటమే కారణం. ముద్దాయి నోరు నొక్కితే పోయేది అతని ప్రాణం ఒక్కటే కాదు. ఆ ప్రాణంతోపాటు, తరవాతి తరాలు అడగవలసిన ప్రశ్నలు కూడా పోతాయి.

ఆ అదృష్టం గోపన్నకు మేనమామలని చెప్పుకునే అక్కన్న మాదన్నలకు దక్కలేదు. మాదన్న తానీషాకు ప్రధాని. అన్నగారు అక్కన్న పాలనలో కుడిభుజం. 1685లో మొఘల్ సేనలు హైదరాబాదు మీదికి వచ్చినప్పుడు కుతుబ్‌షాహీ సేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రువు పక్షం చేరాడు. నగరం కొల్లబోయింది. సుల్తాను గోలకొండ కోటలో తలదాచుకున్నాడు. సేనాని ఫిరాయింపు బహిరంగంగా జరిగినా, దాడికి కారణం అన్నదమ్ములేనన్న మాట కోటంతటా అల్లుకుంది. ఆ మాటను ప్రభువర్గంలో వాళ్లంటే గిట్టనివారు పెంచారు, అంతఃపురం పెంచింది. 1686 మార్చిలో ఒక రాత్రి అక్కన్న మాదన్నలను గోలకొండ వీధిలో నరికి చంపారు. మాదన్న తలను మొఘల్ శిబిరానికి పంపారు. వారి కులంవారి ఇళ్లు దోపిడీ అయ్యాయి.

మాదన్న పాలన మచ్చలేనిదని నేను వాదించబోవడం లేదు. పన్నుల వసూళ్లలో ఆయన మనుషులు చేసిన దౌర్జన్యాల మీద ఆనాడే ఫిర్యాదులున్నాయి. వాటిని విచారించవలసిందే. కాని ఆ రాత్రి జరిగింది విచారణ కాదు. ఆ రెండు తలలు పోతే రాజ్యం నిలుస్తుందన్న ఆశతో చేసిన బలి అది. రాజ్యం నిలవలేదు. ఔరంగజేబు మళ్లీ వచ్చాడు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687 సెప్టెంబరులో కోట పడిపోయింది. తలుపు తీసింది కోటలోపలి సర్దారు ఒకడు. ద్రోహులని ముద్రపడినవారిని వీధిలో చంపుతుంటే అసలు ద్రోహం కోటలోనే భద్రంగా ఉంది. ఒక్కమాటలో చెప్పాలంటే, గుంపు తీర్పువల్ల ముందుగా లాభపడేది జవాబు చెప్పవలసినవారే. ఇకమీద చెప్పబోయే సంఘటనలన్నిటికీ ఈ సూత్రమే తాళంచెవి.

అయితే జనం గుమిగూడటమే తప్పని దీని అర్థం కాదు. ప్రజాభిప్రాయానికి మరో ముఖం కూడా మన గడ్డమీదే ఉంది. 1948లో పోలీసు చర్య జరిగాక, తెలంగాణ రైతాంగ పోరాటంలో పట్టుబడినవారిని విచారించటానికి ప్రత్యేక ట్రిబ్యునళ్లు వెలిశాయి. 1949లో అవి నల్లగొండ జిల్లాకు చెందిన 12 మందికి ఉరిశిక్ష వేశాయి. న్యాయవాదిని పెట్టుకోవటానికి సరైన అవకాశమే ఇవ్వలేదని ముద్దాయిలు మొరపెట్టుకున్నారు. 1951 జనవరిలో ఉరికి ముహూర్తం కూడా పెట్టారు. దేశంలోనూ విదేశాల్లోనూ నిరసన లేచింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. పిటిషను నెగ్గలేదు గాని ఉరితాళ్లు ఆగిపోయాయి. తర్వాత శిక్షలు యావజ్జీవ ఖైదుగా మారాయి. ఇక్కడ కూడా వేలమంది కేకలు వేశారు. కాని వారు అడిగింది ముద్దాయిల మాట వినమని. గోలకొండ వీధిలో వినపడింది చంపమనే కేక. రెండూ జనం గొంతులే గాని ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం.

మన కాలానికి వద్దాం. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టలులో ఫార్మసీ చదివే పందొమ్మిదేళ్ల అమ్మాయి హత్యకు గురైంది. రాష్ట్రమంతా ఉడికిపోయింది. నెలల తరబడి పత్రికలూ టీవీలూ నేరస్థుడెక్కడని అడిగాయి. అడగటం న్యాయమే. 2008 ఆగస్టులో పోలీసులు ఒక నిరుపేద దళిత యువకుణ్ణి తెచ్చి నిలబెట్టారు. నరాల జబ్బుతో సరిగా నడవలేని స్థితికి వచ్చినవాడతను. నేరస్థుడు ఇతడు కాడని కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే మొత్తుకున్నారు. అయినా 2010లో కింది కోర్టు 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. నేరస్థుణ్ణి చూపించమన్న ఒత్తిడికి పోలీసులు ఒక మనిషిని చూపించారు. ఆ కుటుంబం అడిగింది మాత్రం మనిషిని కాదు, నిజాన్ని.

ఆ యువకుడికి కనీసం హైకోర్టు దాకా వెళ్లే ఆయుష్షు మిగిలింది. అదీ మిగలనివారి కథ వరంగల్లులో మొదలైంది. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద ఆసిడ్ పోసిన దారుణం జరిగింది. రోజుల్లోనే, నిందితులు ముగ్గురూ పోలీసు తూటాలకు చనిపోయారు. జనం పోలీసులకు పూలదండలు వేశారు. ఆ దండలే తర్వాతి ఘటనకు దారి వేశాయి.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద శవాన్ని కాల్చేశారు. లారీల మీద పనిచేసే నలుగురు యువకులు అరెస్టయ్యారు. పోలీసు స్టేషను ముందు వేలమంది గుమిగూడి, వాళ్లను మాకప్పగించండన్నారు. పార్లమెంటులోనే ఒక సభ్యురాలు నిందితులను జనానికి వదిలేయాలన్నారు. సెల్‌ఫోన్లలో నిందితుల బొమ్మలు తిరిగాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున, నేరస్థలానికి తీసుకెళ్లిన నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. వంతెన మీదినుంచి పూలు చల్లారు, టపాకాయలు పేల్చారు, మిఠాయిలు పంచారు.

ఆ పూల కింద ఏమేమి కప్పబడిపోయాయో చూడాలి. కూతురు కనిపించడం లేదని తల్లిదండ్రులు ఆ రాత్రి వెళితే, ఇది మా హద్దు కాదని స్టేషన్ల మధ్య తిప్పారన్న ఆరోపణ ఉంది. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. డిసెంబరు 5 దాకా రాష్ట్రమంతా అడిగిన ప్రశ్న అది. డిసెంబరు 6 తర్వాత దాన్ని అడిగే గొంతులు కరువయ్యాయి. నిన్నటి దాకా బోనెక్కవలసిన వ్యవస్థ మర్నాటికి భుజాలకెక్కింది. మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. శవాలను భద్రపరచి విచారణ జరిపించమని ఆ రోజే హైకోర్టును ఆశ్రయించినవారిలో మహిళా కార్యకర్తలున్నారు. స్త్రీల రక్షణ కోసం జీవితకాలం పోరాడినవారికి తూటా న్యాయం కాదని తెలుసు.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషను నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, చనిపోయినవారిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లనీ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ అందులో ఉంది. గుంపు చేసే హత్య ఎంత తప్పో తక్షణ న్యాయమన్న ఆలోచన కూడా అంతే తప్పని కమిషను అన్నది. పూలు చల్లడానికి కొన్ని గంటలు చాలాయి, నివేదిక బయటికి రావటానికి రెండేళ్లు దాటింది. ఆనాడు చల్లినవారిలో ఎందరు ఆ నివేదిక చదివారో ఊహించుకోవచ్చు.

ఇక వీడియోల సంగతి. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగు ఊళ్లలో వాట్సాప్ సందేశాలు పారాయి. మోటారు సైకిలు మీద వచ్చి పిల్లవాణ్ణి లాక్కుపోయే దృశ్యం వాటిలో ఒకటి. నిజానికది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచారచిత్రం. దాని చివర పిల్లవాణ్ణి తిరిగి దింపి, హెచ్చరిక రాసిన అట్టను చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. ఆ మేలో ఒక్క హైదరాబాదులోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలైలో బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాదు యువకుడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. చనిపోయినవారు ఎక్కడా ఊరి పెత్తందార్లు కారు. పరాయివారు, బిచ్చగాళ్లు, భాష రానివారు, హిజ్రాలు: గుంపుకు ఎవరంటే చులకనో వారే. అదే కాలంలో గద్వాల ప్రాంతంలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను పల్లెలకు పంపి, డప్పుతో, పాటతో ఆ పుకార్ల గుట్టు విప్పించారు. ఆమె చూసిన జిల్లాలో ఇటువంటి చావు జరగలేదు. పుకారు వెళ్లిన దారినే నిజాన్ని పంపితే అది కూడా ఊరు చేరుతుందన్నమాట.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. కోర్టుల్లో కేసులు ఏళ్లూ పూళ్లూ సాగుతుంటే పేదవాడు ఎంతకాలమని ఎదురుచూస్తాడు? ఆలస్యం అమృతం విషం అనలేదా? ఈ ఆక్షేపణలో బలముంది. వీడియోలవల్లనే వెలుగులోకి వచ్చిన దౌర్జన్యాలున్నాయి. లాఠీ దెబ్బకు, కులం పేరిట జరిగిన అవమానానికి సెల్‌ఫోనే సాక్షి అయిన సందర్భాలున్నాయి. ఆ సాక్ష్యాన్ని నేను కాదనను. కాని సాక్ష్యం వేరు, తీర్పు వేరు. సాక్ష్యం విచారణకు తలుపు తీస్తుంది, తొందరపాటు తీర్పు ఆ తలుపు మూసేస్తుంది. కోర్టు ఆలస్యానికి మందు కోర్టును బాగుచేయడమే. జడ్జీలను నియమించమని, ఫిర్యాదును ఏ స్టేషనైనా తీసుకోవాలని, దర్యాప్తు సరిగా చేయమని ప్రభుత్వాల మెడలు వంచాలి. అది కష్టమైన పని. తూటా తేలిక, గుంపు తేలిక. తేలికపాటి మందును పాలకులు ఎందుకిష్టపడతారో మాదన్న తల మనకు చెప్పింది.

రచయితలకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉంది. కథకుడు పాత్రను శిక్షించే ముందు దాని గతాన్ని విప్పి చూపిస్తాడు; ఆ ఓపికే అతని వృత్తిధర్మం. ఆ ఓపికను పత్రికకు, తరగతి గదికి, రచ్చబండకు చేర్చాలి. ఒక వీడియో చేతికందినప్పుడు దీనికి ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, దీన్ని కోసిందెవరు, దీనివల్ల జవాబు చెప్పకుండా తప్పించుకునేదెవరు అని నాలుగు ప్రశ్నలు వేయడం మనం నేర్పాలి. అన్నిటికంటె ముందు, ముద్దాయి తన లెక్క చెప్పుకునే దాకా ఆగటం నేర్పాలి. ఆ లెక్క విన్నాక శిక్ష తప్పకపోవచ్చు. అప్పుడది శిక్ష అవుతుంది. వినకముందు వేసింది కేవలం హత్య.