కరువు తరువాతి కథ: ఆదోని సీమ చరిత్రయు దూరదర్శన నాటకమును

కరువును వర్ణించువారు వాన కురియుటతో కథ ముగించుట వాడుక. కాని కరువు వానతో ముగియునా? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల చరిత్ర ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది. దీనిని విద్యార్థులకు బోధించుటకు దూరదర్శన నాటకము ఎంతవరకు ఉపకరించునో ఇందు పరిశీలింతుము.

1876-78 నాటి ధాత కరువు కాలమున ఆదోని బళ్ళారి జిల్లాలోనిది. కర్నూలు జిల్లాలో చేరినది 1953లో. తరువాతి ఎల్లలను బట్టి లెక్కింపగా, బళ్ళారి జిల్లా జనసంఖ్య 1871లో సుమారు 9 లక్షల 11 వేలు. 1881లో 7 లక్షల 26 వేలు. ఐదింట ఒక వంతు తగ్గినదన్నమాట. 1891 నాటికిని ఆ లోటు తీరలేదు. కర్నూలు జిల్లాలో 1901 నాటికిని తీరలేదు.

అంకెలకందని నష్టము మరియొకటి గలదు. పంట పోయిన యేట బట్ట కొనువాడుండడు. రైతు నాగలితోపాటు నేతగాని మగ్గమును ఆగును. వాన కురిసిన పిమ్మట నాగలి కదలినను, అప్పుపడిన మగ్గము షావుకారు చేతిలోనే యుండును. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము విలువను ఈ దృష్టితో గ్రహింపవలెను.

ఇట్టి దీర్ఘకాలిక ఫలితములను చూపుటకు ఒక రాత్రితో ముగియు రంగస్థల నాటకము చాలదు. ధారావాహికకు ఆ నిర్బంధము లేదు. 1986-87లో దూరదర్శన్ ప్రసారము చేసిన ‘బునియాద్’ దేశవిభజనచే చెదరిన కుటుంబమును తరతరములుగా వెంబడించినది. విభజన అందొక ఘట్టము. దాని నీడయే కథ.

ఆదోని సీమను గూర్చి నాటకము వ్రాయువారు గంజికేంద్రముతో ముగింపక, అది మూతపడిన దినముతో ఆరంభింపవలెనని మా అభిప్రాయము. అప్పు, మగ్గము, వలస అను మూడింటిని అనుసరించినచో, నేడు గుంటూరు సీమ మిరప చేలకు కూలికి పోవు కుటుంబము వేసిన తాళమువరకును, వారి వెంట బడి విడిచిన పిల్లవానివరకును కథ సాగును.

అయితే నేటి వలసకు ధాత కరువే కారణమనుట సాహసము. వర్షాభావము, నీటిపారుదల లోపము, కూలి రేట్లు మున్నగునవియు గలవు. నాటకము ప్రశ్నను కలిగించును. నిర్ణయము జనాభా లెక్కలను, వృద్ధుల వాఙ్మూలములను పోల్చిచూచిన పిమ్మటనే చేయదగినది. ఆ పోలికను విద్యార్థిచే చేయించుటయే బోధకుని పని.