లార్డ్స్ పిచ్చుక చెప్పే మన కథ

లండన్ చూడబోయే తెలుగు కుటుంబాలు మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మల్ని వదిలిపెట్టవు. ఆ బొమ్మలున్న బేకర్ స్ట్రీట్‌లో జూబ్లీ లైన్ రైలెక్కితే తర్వాతి స్టేషనే సెయింట్ జాన్స్ వుడ్. అక్కడ దిగి కొంచెం నడిస్తే లార్డ్స్ మైదానం. ఒక పూట దానికి కేటాయించమని నా మనవి. గైడ్ వెంట ఉండి తిప్పే టూర్‌కు ముందుగానే టికెట్ తీసుకోవాలి. పెద్ద మ్యాచ్‌లున్న రోజుల్లో మామూలు టూర్లు ఉండవు, తేదీ చూసుకుని బయల్దేరాలి.

మ్యూజియం పెవిలియన్ వెనకాల ఉంటుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో ప్రాణాలు కోల్పోయిన క్రికెటర్ల స్మారకంగా 1953లో దీన్ని తెరిచారు. లోపలికి వెళ్లినవాళ్లు మొదట వెతికేది యాషెస్ పిడతనే. ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం. 1882లో ఓవల్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఇంగ్లండ్ 7 పరుగుల తేడాతో ఓడిపోతే, ఇంగ్లిష్ క్రికెట్ చనిపోయిందనీ బూడిద ఆస్ట్రేలియాకు వెళ్తుందనీ ఒక పత్రిక సంతాప ప్రకటన వేసింది. ఆ వెంటనే ఇంగ్లండ్ జట్టుతో అక్కడికి వెళ్లిన కెప్టెన్ ఐవో బ్లైకి మెల్‌బోర్న్ దగ్గర కొందరు మహిళలు సరదాగా ఈ పిడత ఇచ్చారు. వాళ్లలో ఒకరైన ఫ్లోరెన్స్ మోర్ఫీని ఆయన పెళ్లాడాడు. 1927లో ఆయన పోయాక ఆమే దీన్ని లార్డ్స్ యజమాని అయిన ఎంసీసీ (మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్)కి అప్పగించింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల యాషెస్ సిరీస్ ఎవరు గెలిచినా పిడత మాత్రం లార్డ్స్‌లోనే ఉంటుంది.

పిడత చుట్టూ జనం ఎప్పుడూ ఉంటారు. మనం ఆగాల్సింది మాత్రం ఇంకో అద్దాల పెట్టె దగ్గర. అందులో ఒక క్రికెట్ బంతి, దాని మీద నిలబెట్టిన పిచ్చుక ఉంటాయి. 1936 జూలై 3న ఎంసీసీతో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ఆడుతుండగా బంతి తగిలి చనిపోయిన పిచ్చుక అది. చూసినవాళ్లు అయ్యో పాపం అనుకుని ముందుకు వెళ్లిపోతారు. ఆ బంతి వేసింది ఎవరో చదివితే కాళ్లు కదలవు. అతను జలంధర్ కుర్రవాడు జహంగీర్ ఖాన్. అంతకు నాలుగేళ్ల ముందు ఇదే మైదానంలో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టులో జట్టు సభ్యుడు.

ఆ జట్టు కెప్టెన్ మన కొఠారి కనకయ్య నాయుడు. సి.కె. నాయుడు పుట్టింది నాగ్‌పూర్‌లో. పూర్వికులు మచిలీపట్నం వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. 1926లో బొంబాయిలో ఎంసీసీ జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు కొట్టి, మనవాళ్లు టెస్టులకు తగినవాళ్లేనని చూపించిన మనిషి. అయినా 1932 పర్యటనకు నాయకుడిగా పోర్‌బందర్ మహారాజును పంపారు. సంస్థానాధీశులకే పెద్దపీట వేసే కాలమది. తన ఆట అంతంతమాత్రమని తెలిసిన మహారాజు టెస్టుకు తప్పుకున్నాడు. ఆయన చేసిన మంచిపనుల్లో ఇదొకటి అని నేను నిండు మనసుతో అంటాను.

1932 జూన్ 25. ఇంగ్లండ్ బ్యాటింగ్. హోమ్స్, సట్‌క్లిఫ్ అంతకు పది రోజుల క్రితమే యార్క్‌షైర్‌కు తొలి వికెట్‌కు 555 పరుగులు జోడించిన జంట. మహమ్మద్ నిస్సార్ ఇద్దర్నీ బౌల్డ్ చేశాడు. మలయా నుంచి వచ్చిన లాల్ సింగ్ వూలీని రనౌట్ చేశాడు. 19 పరుగులకు మూడు వికెట్లు! చివరికి 158 పరుగులతో ఓడిపోయాం. కానీ చేతికి దెబ్బ తగిలిన నాయుడే తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో మన జట్టు టాప్ స్కోరర్. రెండో ఇన్నింగ్స్‌లో జహంగీర్ నాలుగు వికెట్లు తీశాడు, అమర్ సింగ్ మన తొలి టెస్టు అర్ధ సెంచరీ కొట్టాడు. దేశ విభజన తర్వాత నిస్సార్, జహంగీర్ పాకిస్తాన్ వాళ్లయ్యారు. జహంగీర్ కొడుకు మాజిద్ ఖాన్ ఆ దేశానికి టెస్టులాడాడు. నాయుడు అరవైకి దగ్గరపడ్డ వయసులో, 1953లో రంజీలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించాడు.

ఇదంతా ఆ పెట్టె ముందు నిలబడి పిల్లలకు చెప్పండి. సరిగ్గా 51 ఏళ్ల తర్వాత అదే జూన్ 25న, అదే మైదానంలో కపిల్ సేన ప్రపంచకప్ గెలిచిందని కూడా చెప్పండి.

టూర్‌లో పెవిలియన్, లాంగ్ రూమ్, డ్రెస్సింగ్ రూములు చూపిస్తారు. విదేశీ జట్ల గదిలో గోడకు గౌరవ ఫలకాలుంటాయి. టెస్టులో సెంచరీ కొట్టినా, ఒక ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు గానీ మ్యాచ్‌లో పది గానీ తీసినా పేరు ఎక్కుతుంది. 1932లో తీసిన ఐదు వికెట్లకు నిస్సార్ పేరుంది. నాయుడు పేరు లేదు. ఆ ఏడాది మే నెలలో ఇక్కడే ఎంసీసీ మీద ఆయన 118 నాటౌట్ చేశాడు గానీ అది టెస్టు కాదు. హైదరాబాద్ నుంచి వెళ్లిన అజహరుద్దీన్ 1990లో కొట్టిన 121 ఆ వరుసలో కనిపిస్తుంది. 2021లో మన జట్టు 151 పరుగులతో గెలిచిన టెస్టులో మరో హైదరాబాదీ సిరాజ్ రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ నాలుగేసి వికెట్లు తీశాడు. నిబంధనకు ఒక్క వికెట్ తక్కువై, ఆ మ్యాచ్‌కు అతని పేరు ఫలకం మీదికి ఎక్కలేదు.