రంగస్థలము నుండి వెండితెరకు: బళ్లారి రాఘవ

పద్యము పాడు కంఠమునుబట్టి నటుని విలువ కట్టు కాలమొకటి తెలుగునాట నుండెను. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేయగా, మరణించిన పాత్ర సైతము లేచి మరల పాడుట కద్దు. ఈ పరిపాటిని ఎదిరించిన మహానటుడు బళ్లారి రాఘవ.

ఆయన 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించెను. బళ్లారిలో న్యాయవాదిగా జీవించుచు నాటకమునే తపస్సుగా భావించెను. సరసవినోదినీ సభను స్థాపించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు ఆయన మేనమామ. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, పఠాను రుస్తుం పాత్రలు రాఘవకు అఖండమైన కీర్తిని తెచ్చినవి. రాగముకంటె భావము ముఖ్యమనియు, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెననియు ఆయన వాదము. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయన సరసన రంగమెక్కి ఆ వాదమును సార్థకము గావించిరి.

టాకీల యుగమున, ఏబదియైదేండ్ల వయస్సులో, ఆయనకు క్రొత్త పరీక్ష యెదురయ్యెను. 1936లో ఒకే కథతో రెండు చిత్రములు పోటీపడి వెలువడినవి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో రాఘవ దుర్యోధనుడు, ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. విజయము రెండవదానినే వరించెను. రంగస్థలమున ఎదురులేని నటునకు తెరపై తొలి అడుగే తడబడినది.

ఆయన వెనుదీయలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మము దర్శకత్వమున ‘రైతుబిడ్డ’ వెలువడెను. అందు కిరీటము లేదు, గద లేదు. ఉన్నది పీడనకు లోనైన రైతు. ఆర్భాటమునకు తావులేని ఆ పాత్రలో, జీవితమంతయు ఆయన బోధించిన సహజ నటనకు తగిన చోటు లభించెను. చల్లపల్లి జమీందారు అండతో వెలసిన సారథి సంస్థయే దానిని నిర్మించుట విశేషము. జమీందారీ వ్యవస్థను విమర్శించిన ఆ చిత్రమును ఇతర జమీందారులు సహింపలేదు. కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధింపబడెను. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల సీమలోని వీపనగండ్ల వంటి గ్రామములవారికి ఆ కథ పరాయిదిగా తోచదు.

1940లో ‘చండిక’లో నటించిన రాఘవ 1946 ఏప్రిల్ 16వ తేదీన దివంగతుడయ్యెను. తెరపై ఆయన చేసినది మూడు చిత్రములే. అయినను, నటుడు పాడువాడు మాత్రమే కాడు, పాత్రయై జీవించువాడని ఆయన చూపిన మార్గము నాటకమునకును, చలనచిత్రమునకును సమానముగా చెల్లును.