పంట నుంచి పట్టాకు: బోధన్ చెరకు ప్రాంతంలో ప్రభుత్వ సాయం – కౌలుదారు స్థానం

ఉపోద్ఘాతం

ప్రభుత్వం రైతుకు సాయం చేయాలంటే ముందుగా రైతు ఎవరో నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి ఏదో ఒక కాగితం ఆధారమవుతుంది. నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలో ఈ ఆధారం పంట నుంచి పట్టాకు మారిన క్రమాన్నీ, అందులో కౌలుదారు స్థానాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పంట ఆధారంగా మద్దతు

మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంత వ్యవసాయాన్ని మార్చివేసింది. కాలువ నీటి అండతో 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, రుద్రూరు పరిసరాల్లో స్థిరపడ్డారు. ‘క్యాంపు’ అని పిలిచే ఊళ్లు ఆ వలసకు గుర్తులు. ఈ దశలో ప్రభుత్వ మద్దతు ప్రధానంగా కాలువ నీరుగా, రుద్రూరు కేంద్రంలో చెరకు పరిశోధనగా, ఫ్యాక్టరీ కొనుగోలుగా రైతుకు అందింది.

1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కేంద్రం కనీస ధర నిర్ణయిస్తుంది. చెరకు అందిన 14 రోజుల్లో మిల్లు డబ్బు చెల్లించాలి. జాప్యమైతే 15 శాతం వార్షిక వడ్డీ ఇవ్వాలి. ఇక్కడ హక్కు చెరకు పండించినవారిది. అయితే ఆ హక్కు మిల్లు నడిచినంతకాలమే. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ధర చట్టంలో మిగిలినా, దాన్ని చెల్లించే మిల్లు బోధన్‌లో మిగలలేదు.

సాగుదారు నమోదు

1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ను గుర్తించి, రికార్డులో చేర్చింది. అంటే పొలం దున్నేవారి పేరు రాసుకోవడం ఇక్కడి రెవెన్యూ వ్యవస్థకు కొత్త కాదు. అయితే రాతపూర్వక కౌలు ఎక్కడ హక్కుగా మారుతుందోనన్న భయం భూయజమానుల్లో నిలిచిపోయింది. అందుకే ఒప్పందాలు నోటిమాటలకే పరిమితమయ్యాయి. 2011 చట్టం కౌలుదారులకు ఏడాది కాలపరిమితితో రుణ అర్హత కార్డులు ప్రవేశపెట్టింది. కానీ అదే భూమిపై పట్టాదారు అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే కార్డు అక్కరకు రాలేదు.

పట్టా ఆధారంగా నగదు

2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మే 10న రైతుబంధు ప్రారంభమైంది. సీజనుకు ఎకరానికి రూ.4,000 చొప్పున ఇచ్చిన సాయం 2019లో రూ.5,000 అయింది. విస్తీర్ణ పరిమితి లేదు. పట్టాదారు పాసుపుస్తకమే అర్హత. 2018 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన రూ.5 లక్షల రైతుబీమా కూడా పట్టాదారుకే వర్తించింది. కొత్త రికార్డులో సాగుదారు కాలమ్ లేకుండా పోయింది. పది ఎకరాల యజమాని నిజామాబాద్ పట్టణంలో ఉంటూ ఏటా లక్ష రూపాయలు పొందగా, ఆ పొలం సాగుచేసే కౌలుదారుకు సాయం అందకపోగా కౌలు భారం మిగిలింది. 2025 జనవరి 26న రైతు భరోసాగా సాయం ఏటా ఎకరానికి రూ.12,000కు పెరిగినా ఆధారం పట్టాగానే కొనసాగింది.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు పోటీకి దిగారు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర వారి ప్రధాన డిమాండు. ఎకరాకు నగదు అందుతున్న కాలంలోనే రైతులు పంటకు ధర అడిగారన్నది గమనించదగిన విషయం.

ముగింపు

నగదు బదిలీకి ఒక బలముంది: అది మిల్లు మనుగడపై ఆధారపడదు, దళారి లేకుండా చేరుతుంది. పంట ఆధారిత మద్దతుకు మరో బలముంది: అది శ్రమించినవారిని వెతుక్కుంటూ వెళ్తుంది. ఈ రెండింటినీ కలిపే లంకె సాగుదారు నమోదు. యాజమాన్య హక్కుకు భంగం కలగకుండా సాగుదారు కాలమ్‌ను పునరుద్ధరించనంత వరకు, ‘రైతు’ పేరిట జరిగే చెల్లింపు భూమికి చేరుతుంది గాని సేద్యానికి చేరుతుందన్న భరోసా ఉండదు.