పంక్తిలో ఖాళీ పీటలు

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డీటీపీ సెంటరులో ఏనాడో కూర్పించుకొన్న నా వ్యాకరణ వ్యాసాల సీడీని మొన్న తెరిచాను. తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ, పిచ్చిగీతలూ! ఆ రోజులలో ఫాంటు చేసే ప్రతివారూ ఇంగ్లీషు అక్షరాల చోట తమకు తోచినట్లు మన గుణింతపు ముక్కలను కూర్చోబెట్టేవారు. ఒకరి 'క' మరొకరికి 'క' కాదు. ఆ ఫాంటు ఇప్పుడు లేదు. వ్యాసాలూ లేనట్లే.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. యూనిక్సు సంతతి వ్యవస్థలలో ఒకే ఆదేశం పక్కన పెట్టే గురుతులు ఇంటికొక తీరుగా ఉండగా, 1992లో పోసిక్స్ ప్రమాణం వాటికి ఉమ్మడి కట్టుబాటు చేసింది. బ్రాహ్మీ సంతతి లిపులకు ఆ పని 1988 నాటి ఇస్కీ పట్టిక అంతకు ముందే చేసింది. 1991లో అది ఐఎస్ 13194 పేరుతో భారత ప్రమాణమయింది. లిపి ఏదైనా వర్ణానికి స్థానం ఒక్కటే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ అంతే. కె మీట నొక్కితే హిందీవారికీ, తమిళులకూ, మనకూ వచ్చేది కకారమే.

యూనికోడు ఆ వరుసనే స్వీకరించింది. దేవనాగరి క సంఖ్య 2325, మన క సంఖ్య 3093. తేడా 768. గ, మ, ర దేనిని చూసినా అదే 768.

ఉమ్మడి పంక్తిలో కొన్ని పీటలు ఖాళీగా ఉండక తప్పదు. ఇంగ్లీషు మాటల కోసం హిందీ, మరాఠీలు పెట్టుకొన్న అచ్చుల చోట, అంటే 3085, 3089లలో, మనవారెవరూ లేరు. 3124 కూడా చాలాకాలం అట్లాగే ఉండిపోయింది. అది తమిళంలో ఴ కూర్చునే వరుస. (మీ తెరపై డబ్బా కనిపిస్తే ఫాంటు పాతదని గ్రహించండి.) రేనాటి చోళుల శాసనాలలో ఈ అక్షరం మనకూ ఉన్నది. తరువాత జారిపోయింది, తమిళుల ఏఴు, కోఴి మన నోట ఏడు, కోడి. 2014లో తెలుగు ఴను యూనికోడులో చేర్చినప్పుడు దాని పీట దానికి వేసే ఉన్నది! ఆ సంగతి తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతింత కాదు.

దంత్య చ, జలకు ఆ భాగ్యం లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) లెక్కలోకి తీసుకొన్న వర్ణాలివి. అయినా ఉమ్మడి పట్టికలో వీటికి స్థానమే లేదు. 2008లో చేర్చినప్పుడు వరుస వెలుపల 3160, 3161 ఇచ్చారు. 3160లో 768 తీసివేస్తే వచ్చేది దేవనాగరిలో కింద చుక్క పెట్టిన క! కాబట్టి 'ౘాప'ను ఆ లెక్కన దేవనాగరికి మారిస్తే 'కాప' అవుతుంది. ఉమ్మడి కట్టుబాటు కావలసిందే; కానీ పంక్తి తీర్చేనాడే మన పీటలు అడిగి ఉండవలసింది.

పోయిన వ్యాసాలను యూనికోడులో మళ్ళీ కొడుతున్నాను. మొదటిది దంత్య చకారం మీదనే.