ఆసుపత్రుల్లో అగ్నిభద్రత: నిబంధనలు ఏమిటి, అమలులో లోపాలు ఎక్కడ?

ఏ భవనంలోనైనా మంటలు చెలరేగితే లోపలివారంతా వీలైనంత త్వరగా మెట్ల మీదుగా బయటికి రావాలన్నది సాధారణ సూత్రం. ఆసుపత్రులకు ఈ సూత్రం పూర్తిగా వర్తించదు. వెంటిలేటర్‌పై ఉన్న రోగి, శస్త్రచికిత్స మధ్యలో ఉన్న వ్యక్తి, ఇంక్యుబేటర్‌లోని శిశువు తమంతట తాము కదలలేరు. అందుకే ఆసుపత్రి భవనాలకు అగ్నిభద్రత నిబంధనలను ప్రత్యేకంగా రూపొందించారు. వాటి అమలులో ఏర్పడుతున్న లోపాలు దేశంలో పదేపదే ప్రాణాలు తీస్తున్నాయి.

గత ప్రమాదాలు

2011 డిసెంబరు 9న దక్షిణ కోల్‌కతాలోని ఏఎంఆర్‌ఐ ఆసుపత్రిలో తెల్లవారుజామున చెలరేగిన మంటలు సుమారు 90 మందిని బలిగొన్నాయి. మంటలు నేలమాళిగలో మొదలైనా, మృతుల్లో అత్యధికులు పై అంతస్తుల్లో పొగకు ఊపిరాడక మరణించారు. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో 10 మంది నవజాత శిశువులు, అదే ఏడాది మే 1న గుజరాత్‌లోని భరూచ్‌లో కొవిడ్ రోగులు, నర్సులతో కలిపి 18 మంది ప్రాణాలు కోల్పోయారు.

2024 మే 25 రాత్రి తూర్పు ఢిల్లీలోని వివేక్ విహార్‌లో శిశువుల ఆసుపత్రి దగ్ధమైంది. దాని లైసెన్సు గడువు అప్పటికే ముగిసిందని, అనుమతించిన 5 పడకలకు మించి శిశువులను చేర్చుకున్నారని పోలీసులు వెల్లడించారు. అదే ఏడాది నవంబరు 15న ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీ వైద్య కళాశాల శిశు విభాగంలో జరిగిన ప్రమాదంలో 10 మంది పసికందులు అదే రాత్రి మరణించగా, తరువాతి రోజుల్లో మృతుల సంఖ్య పెరిగింది.

మంటలకు కారణాలు

ఐసీయూలో వెంటిలేటర్లు, మానిటర్లు, వార్మర్లు, ఎయిర్ కండిషనర్లు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. పడకలు, పరికరాలు పెరిగినంతగా విద్యుత్ తీగల సామర్థ్యం పెరగకపోతే తీగలు వేడెక్కి షార్ట్ సర్క్యూట్‌కు దారితీస్తాయి.

రెండో కారణం ప్రాణవాయువు. ఆక్సిజన్ తానుగా మండదు. ఇతర వస్తువులు మండే వేగాన్ని పెంచుతుంది. సాధారణ గాలిలో అది సుమారు 21 శాతం. మాస్కుల నుంచి, గొట్టాల నుంచి వెలువడే ఆక్సిజన్‌తో మూసి ఉన్న గదిలో ఈ శాతం పెరిగితే దుప్పట్లు, పరుపులు, తెరలు క్షణాల్లో అంటుకుంటాయి. సరైన వాయు ప్రసరణ లేని చోట ముప్పు అధికం.

రక్షణ సూత్రం ఏమిటి?

భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం అగ్ని, ప్రాణ భద్రతకు సంబంధించినది. 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న భవనాలను ఇది బహుళ అంతస్తుల భవనాలుగా పరిగణిస్తుంది. ఆసుపత్రి మెట్ల వెడల్పు కనీసం 2 మీటర్లు ఉండాలని, అగ్నిని దీర్ఘకాలం తట్టుకునే కట్టడాల్లో నిర్గమన ద్వారానికి నడక దూరం 30 మీటర్లు మించరాదని నిర్దేశిస్తుంది.

ఆసుపత్రుల విషయంలో కీలకమైనది సమతల తరలింపు. ప్రతి అంతస్తును అగ్నినిరోధక గోడలతో, తలుపులతో విభాగాలుగా వేరుచేస్తారు. ఒక విభాగంలో మంటలు పుడితే రోగులను పడకలతో సహా అదే అంతస్తులోని పక్క విభాగానికి నెట్టుకుపోతారు. అక్కడికీ ముప్పు వచ్చినప్పుడే కింది అంతస్తులకు దించుతారు. సాధారణ లిఫ్టులు వాడరాని ఆ సమయంలో రోగులకు అవసరమైన వ్యవధిని సమకూర్చేది ఈ విభజనే.

అయితే తలుపు మూసి ఉన్నప్పుడే అది పొగను ఆపగలదు. రాకపోకలకు అడ్డమని ఇటుక పెట్టి తెరిచి ఉంచిన అగ్నినిరోధక తలుపు, గోడల్లో పైపులు, తీగల కోసం తొలిచి పూడ్చకుండా వదిలిన రంధ్రం విభజన ప్రయోజనాన్నే దెబ్బతీస్తాయి.

చట్టం ఎవరి పరిధిలో?

జాతీయ నియమావళి తనంతట తానుగా చట్టం కాదు. రాష్ట్రాల చట్టాలు, స్థానిక సంస్థల భవన నిబంధనలు స్వీకరించినప్పుడే అది తప్పనిసరి అవుతుంది. అగ్నిమాపక సేవలు రాజ్యాంగంలోని 12వ షెడ్యూలు ప్రకారం పురపాలక సంస్థల విధుల జాబితాలో ఉన్నాయి. అందువల్ల ఏ ఎత్తు, ఎంత విస్తీర్ణం దాటిన భవనానికి నిరభ్యంతర పత్రం అవసరమన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో వచ్చిన 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం దీనికి ఆధారం. కేంద్ర హోంశాఖ 2019లో రాష్ట్రాలకు నమూనా బిల్లును పంపింది.

గుజరాత్‌లోని రాజ్‌కోట్ కొవిడ్ ఆసుపత్రిలో 2020 నవంబరులో జరిగిన ప్రమాదాన్ని సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ప్రతి కొవిడ్ ఆసుపత్రిలో నెలకు కనీసం ఒకసారి అగ్నిభద్రత తనిఖీ జరపాలని, ప్రతి ఆసుపత్రికీ నోడల్ అధికారిని నియమించాలని అదే ఏడాది డిసెంబరు 18న ఆదేశించింది.

పత్రానికి, వాస్తవానికి మధ్య

నిరభ్యంతర పత్రం తనిఖీ నాటి భవన స్థితిని ధ్రువీకరిస్తుంది. ఆ తరువాత పార్కింగ్ కోసం చూపిన సెల్లార్ మందుల గిడ్డంగిగా మారవచ్చు. వార్డును ప్లైవుడ్‌తో రెండుగా విభజించవచ్చు. బయటివారు రాకుండా వెనుక మెట్ల తలుపుకు తాళం వేయవచ్చు. విరిగిన మంచాలు, ఖాళీ సిలిండర్లు నడవాల్లో పేరుకుపోవచ్చు. ఈ మార్పులేవీ గోడకు తగిలించిన పత్రంలో కనిపించవు.

సిబ్బంది శిక్షణ కూడా భద్రతలో భాగమే. రాత్రి విధుల్లో తక్కువ మంది ఉంటారు. మంటలు కనిపించగానే రోగులను తప్పించడం, హెచ్చరిక మోగించడం, తలుపులు మూసి మంటలను కట్టడి చేయడం, సాధ్యమైతే ఆర్పడం అన్న క్రమం వారికి అలవాటై ఉండాలి. వార్డుకు ఆక్సిజన్ సరఫరాను నిలిపే కవాటం ఎక్కడుందో, దాన్ని మూసే అధికారం ఎవరిదో ముందే నిర్ణయించాలి. కవాటం మూస్తే ఆ విభాగంలోని రోగులందరికీ సరఫరా ఆగిపోతుంది కనుక, అప్పటికప్పుడు వాడేందుకు సిలిండర్లు, చేతితో శ్వాస అందించే సంచులు సిద్ధంగా ఉండాలి.

బంధువులు గమనించదగినవి

రోగిని చేర్చినప్పుడు వార్డుకు రెండు నిర్గమన మార్గాలు ఉన్నాయా, రెండో మార్గానికి తాళం ఉందా, నడవాలో పడక కదిలేంత చోటు ఉందా, మంటలార్పే సిలిండర్ గడువు చీటీపై ఏ తేదీ ఉంది అన్నవి ఎవరైనా చూడగలరు. తాళం వేసి ఉన్న నిర్గమన ద్వారాన్ని చూస్తే ఆసుపత్రి యాజమాన్యానికి, అవసరమైతే జిల్లా అగ్నిమాపక అధికారికి తెలియజేయవచ్చు.