మురుగునీటి మొగనుండి మందు

బూజనగానే మనము ముఖము త్రిప్పుకొందుము. 1945లో ఇటలీదేశపు సార్డీనియా ద్వీపమున, కాల్యరి విశ్వవిద్యాలయాచార్యుడు జ్యూసెప్పే బ్రోట్సు అట్లు చేయలేదు. ఊరి మురుగు సముద్రమున కలియు చోటనుండి ఆయన ఒక బూజును వేరుచేసెను. అది టైఫాయిడు క్రిములనుకూడ అణచుచుండెను. సాధనసంపత్తి చాలక, 1948లో దానిని ఆక్స్‌ఫర్డుకు పంపెను.

అప్పటికే కొన్ని క్రిములు పెన్సిలిన్‌ను విరుగగొట్టు ఎంజైమును అలవరచుకొని ఆస్పత్రులలో ప్రాణములు తీయుచుండెను. 1953లో ఏబ్రహాం, న్యూటన్ అను శాస్త్రజ్ఞులు ఆ బూజునుండి సెఫలోస్పోరిన్-సి అను పదార్థమును కనుగొనిరి. ఆ ఎంజైము దీనిని విరుగగొట్టజాలకపోయెను. 1961లో దీని అణునిర్మాణము తేలెను; 1965లో అమెరికా రసాయనవేత్త వుడ్‌వర్డ్ బూజు సాయము లేకయే దీనిని ప్రయోగశాలలో నిర్మించెను. అయినను ఆ మార్గము దీర్ఘము. నేటికిని ఈ తెగ మందులలో పెక్కింటికి మూలద్రవ్యము నొసగునది ఆ జాతి బూజే.